ఎక్స్‌పార్టీ డిక్రీ సెట్ ఎసైడ్ పిటిషన్ ఎంక్వైరీకి వచ్చింది, బోనెక్కే ముందు ఏం రెడీ చేసుకోవాలి?

గుంటూరోడు_హైదరాబాద్‌లో:

అందరికీ నమస్కారం. కోర్టు సంగతులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్, పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

మాది గుంటూరు జిల్లాలో పల్లెటూరు. 2018లో నాన్నకి గుండె ఆపరేషన్ అప్పుడు పక్క ఊరాయన దగ్గర లక్షన్నర తీసుకున్నా, రెండు రూపాయల వడ్డీ. ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్నాడు, అందులో అమౌంట్ ఒక్కటే రాశాడు, తేదీ ఖాళీ. 2019 నుంచి నేను ఫోన్‌పేలో నెలనెలా కొంత కొంత వేస్తూ వచ్చా, 2021కి దాదాపు మొత్తం అయిపోయింది, నోటు ఇవ్వమంటే బీరువాలో ఉంది వెతికి ఇస్తా అన్నాడు, ఇవ్వలేదు. 2022 ఎండాకాలంలో ఆయన లాయర్ నుంచి నోటీసు వచ్చింది, హైదరాబాద్‌లో నేనుండే ఇంటికే వచ్చింది. ఫోన్ చేసి అడిగితే "అది లాయరు ఏదో పంపాడులే, నువ్వు పట్టించుకోకు" అన్నాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఇప్పుడేమైందంటే మా కంపెనీ హెచ్‌ఆర్ పిలిచి, మీ జీతంలోంచి కట్ చేసి పంపమని కోర్టు నుంచి కాగితం వచ్చింది అన్నారు. అప్పుడు తెలిసింది, 2022లోనే దావా వేశాడంట, 2023లో ఎక్స్‌పార్టీ డిక్రీ (నేను కోర్టుకి రాలేదని నేను లేకుండానే ఇచ్చిన తీర్పు) అయిపోయిందంట, ఇప్పుడు ఈపీ (ఆ డిక్రీ డబ్బు వసూలు చేయమనే పిటిషన్) నడుస్తుందంట. నోటు మీద తేదీ 2020 ఫిబ్రవరి అని వేసుకున్నాడు, వడ్డీతో కలిపి 2,43,000 అడిగాడు. సమన్లు మా ఊరి ఇంటికి పంపించారంట. అమ్మా నాన్నల్ని 2019లోనే హైదరాబాద్ తెచ్చేసుకున్నా, ఆ ఇల్లు అప్పటి నుంచి తాళమే.

ఒక ప్లీడర్ గారిని పెట్టుకున్నా, ఆయన డిక్రీ రద్దు చేయమని సెట్ ఎసైడ్ పిటిషన్, ఆలస్యం మాఫీ పిటిషన్, ఈపీ మీద స్టే పిటిషన్ మూడూ వేశారు. అవతలివాళ్ళు కౌంటర్ వేశారు, వీడికి అంతా తెలుసు, ఊళ్ళోవాళ్ళు చెప్పారు, కావాలనే రాలేదు అని. వచ్చే వాయిదాకి ఎంక్వైరీ అంట, నన్ను బోనెక్కిస్తారంట. నువ్వు వచ్చి నిలబడు, మిగతా నేను చూసుకుంటా అంటారు మా ప్లీడర్ గారు. నాకేమో నిద్ర పట్టట్లేదు. ఏం అడుగుతారు? ఏ కాగితాలు తీసుకెళ్ళాలి? అన్నిటికంటే పెద్ద భయం ఆ లాయర్ నోటీసు, అది నాకు అందింది కదా, అది బయటపడితే నా పని అయిపోయినట్టేనా? ఎందుకంటే అఫిడవిట్‌లో "ఈ బాకీ గురించి నాకు ఏ విధమైన నోటీసూ అందలేదు" అని రాసేశారు, సంతకం పెట్టేటప్పుడు ఇంగ్లీషులో ఉంది, ఇంటికొచ్చి చదివితే కనపడింది.

---

పల్నాడు_బుల్లోడు:

బ్రో సింపుల్, ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నాడు అని గట్టిగా చెప్పు జడ్జి గారికి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు చూపించు, కేసు అక్కడే ఎగిరిపోద్ది. వడ్డీ వ్యాపారానికి ఆయనకి లైసెన్స్ ఏమైనా ఉందా అని కూడా అడగమను మీ లాయర్ని.

---

రిటైర్డ్_సిరస్తాదారు:

బాబూ, కంగారు పడకు. నేను సివిల్ కోర్టుల్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, ఇలాంటి ఐఏలు (కేసులో మధ్యలో వేసే పిటిషన్లు) నా బల్ల మీదుగా లెక్కలేనన్ని వెళ్ళాయి. పైన ఆ అబ్బాయి చెప్పింది మాత్రం ఈ వాయిదాకి పనికిరాదు. ముందు అది అర్థం చేసుకో.

ఈ ఎంక్వైరీలో జడ్జి గారు చూసేది నువ్వు బాకీ ఉన్నావా లేవా అని కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద చూసేవి రెండే, సమన్లు నీకు సరిగ్గా అందాయా, అంది ఉంటే ఆ రోజు రాకపోవడానికి తగిన కారణం ఉందా. ఈ రెంట్లో ఒకటి రుజువు చేస్తే డిక్రీ తీసేస్తారు, దావా మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు నీ ఫోన్‌పే, నీ ఖాళీ నోటు అన్నీ మాట్లాడుకోవచ్చు. నువ్వు బోనెక్కి బాకీ గొడవ చెప్పుకుంటూ పోతే, ఆ ఊరి ఇంట్లో నువ్వు లేవనే అసలు మాట రికార్డులోకి ఎక్కకుండానే టైమ్ అయిపోతుంది.

ఇక నువ్వు భయపడుతున్న ఆ లాయర్ నోటీసు. నీ దగ్గరున్న కాగితాలన్నింట్లో నిన్ను కాపాడేది అదే బాబూ. 2022లో దావాకి ముందు నోటీసు పంపేటప్పుడు నీ హైదరాబాద్ అడ్రస్ ఆయనకి తెలుసు, అక్కడికే పంపాడు, నీకు అందింది. కొన్ని నెలల తర్వాత దావా వేసేటప్పుడు మాత్రం ప్లెయింట్‌లో, అంటే దావా పత్రంలో, తాళం పడిన పల్లెటూరి ఇంటి అడ్రస్ వేశాడు. ఎందుకేశాడో కోర్టులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. హైదరాబాద్ అడ్రస్ వేస్తే సమన్లు అక్కడి కోర్టు ద్వారా వెళ్ళాలి, టైమ్ పడుతుంది, పైగా నీకు అందుతాయి. ఇంకో మాట, లాయర్ నోటీసు అందడం వేరు, కోర్టు సమన్లు అందడం వేరు. నోటీసులో వాయిదా తేదీ ఉండదు, దావా నెంబరు ఉండదు. నోటీసు అందినంత మాత్రాన దావా పడిందని నీకు తెలిసినట్టు కాదు.

కానీ అఫిడవిట్‌లో ఏ నోటీసూ అందలేదు అని ఉంది చూడు, అది ఇప్పుడే సరిచేయించు. అవతలి ప్లీడరు పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ చేతిలో పట్టుకుని "ఈ సంతకం నీదేనా" అని అడిగితే నువ్వు ఔననాలి, ఆ వెంటనే "అయితే అఫిడవిట్‌లో అబద్ధం చెప్పావన్నమాట" అంటాడు. మంచి కేసు ఆ ఒక్క వాక్యంతో పోతుంది. మీ ప్లీడర్ గారి దగ్గరికెళ్ళి, సార్ నాకు లాయర్ నోటీసు వచ్చింది, కోర్టు సమన్లు మాత్రం రాలేదు, అది ఉన్నదున్నట్టు రాసి అడిషనల్ అఫిడవిట్ వేయండి అని అడుగు. మొహమాటపడకు. అలాగే అందులో పచ్చకామెర్లు వచ్చి మంచంలో ఉన్నాను, నాటు వైద్యం చేయించుకున్నాను లాంటిదేమైనా ఉందేమో చూడు. ఆలస్యం మాఫీ పిటిషన్లలో ఆ పచ్చకామెర్ల పేరా గుమాస్తాల దగ్గర రెడీగా ఉంటుంది, పేరు మార్చి టైపు కొడతారు. జడ్జిలందరూ చదివీ చదివీ విసిగిపోయినది అదే. నీకు జబ్బు చేయలేదు, నువ్వు అక్కడ లేవు, అంతే రాయించు.

ఇప్పుడు చేయాల్సిన ముఖ్యమైన పని, దావా రికార్డుకి సర్టిఫైడ్ కాపీల కోసం కాపీ అప్లికేషన్ వేయించు. ప్లెయింట్, డిక్రీ, జడ్జిమెంట్ తీసుకుని ఊరుకోవద్దు. సమన్ల వెనకాల ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) రాసిన రిపోర్టు కావాలి, రిజిస్టర్డ్ పోస్ట్ కవర్ ఏమని రాసి తిరిగొచ్చిందో కావాలి, ఏ వాయిదాన సర్వీస్ అయినట్టు కోర్టు రాసుకుందో ఆ డాకెట్ షీటు కావాలి. ఎక్స్‌పార్టీ అయినా వాది చీఫ్ అఫిడవిట్ (తన సాక్ష్యం రాసిన ప్రమాణ పత్రం) వేసి డాక్యుమెంట్లు మార్క్ చేయించుకుంటాడు, వాటికి ఏ1, ఏ2 అని నెంబర్లు వేస్తారు, ఏ1 నోటు అయ్యుంటుంది, ఏ2 లాయర్ నోటీసు ఆఫీస్ కాపీ, ఏ3 పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ అయ్యుండాలి. అదే అయితే నీ హైదరాబాద్ అడ్రస్ ఆయన చేతులతో ఆయనే కోర్టులో పెట్టుకున్నట్టు.

ప్రాసెస్ సర్వర్ రిపోర్టు ఒక్కో మాటా చదువు. తలుపుకి అంటించడం అనేది మొదటి పని కాదు, ఆర్డర్ 5 రూల్ 17 ప్రకారం మనిషి కోసం తగినంత వెతికి, దొరకడని తేలాకే అంటించాలి, ఇల్లు ఎవరు చూపించారో ఎవరి ముందు అంటించాడో పేర్లతో రాయాలి. ఆ తర్వాత రూల్ 19 కింద కోర్టు ఆ రిపోర్టు చూసి సర్వీస్ సరిగ్గా అయిందని తేల్చుకోవాలి. "తాళం వేసి ఉంది, అంటించితిని" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేసిన రిపోర్టులు నేను చాలా చూశాను.

---

ఓరుగల్లు_వకీల్:

సిరస్తాదారు సార్ చెప్పిందంతా కరెక్టే. నేను ప్రాక్టీస్ చేస్తున్న, మా దిక్కు కూడ ఇట్లాంటివి రోజూ వస్తయి. కొన్ని కలుపుత.

తమ్మీ, పైన ఎవరో ఖాళీ నోటు అని చెప్పమన్నరు కదా, ఆ మాట జాగ్రత్త. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ సెక్షన్ 20 ప్రకారం సంతకం పెట్టిన నోటు ఖాళీగ ఇస్తే నింపుకునే అధికారం ఇచ్చినట్టే లెక్క, సంతకం ఒప్పుకుంటే సెక్షన్ 118 కింద డబ్బు ముట్టిందనే కోర్టు అనుకుంటది, కాదని రుజువు చేసే బరువు నీ మీద పడ్తది. నీకు బలమైన పాయింట్ వేరే ఉంది. నోటు తేదీ 2020 ఫిబ్రవరి అంటున్నడు, నువ్వు 2019 నుంచే ఆయనకి నెలనెలా డబ్బులు వేస్తున్నవ్. అప్పు ఇయ్యకముందే వాపస్ ఎట్ల వస్తది? బ్యాంకుకి పోయి 2019 నుంచి స్టేట్‌మెంట్ తీస్కో, బ్యాంకు సీలు, మేనేజర్ సంతకం, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్ట్ కింద సర్టిఫికెట్ వేయించుకో. ఫోన్ స్క్రీన్‌షాట్ అయితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ గొడవ ఉంటది, బ్యాంకు కాగితం శుభ్రంగ ఉంటది. ఇప్పుడు ఎంక్వైరీల దాని మీద లెక్క తేల్చరు, కాని నీ దగ్గర చెప్పుకునేటందుకు నిజమైన డిఫెన్స్ ఉంది, ఊరికే సాగదీయనీకి రాలేదు అని జడ్జికి కనపడాలె. అందుకే అఫిడవిట్‌ల రెండు మూడు లైన్లు చాలు.

లిమిటేషన్ సంగతి. లిమిటేషన్ యాక్ట్ ఆర్టికల్ 123 ప్రకారం సెట్ ఎసైడ్‌కి 30 రోజులు టైమ్. సమన్లు సరిగ్గ అందినయనుకుంటే డిక్రీ తేదీ నుంచి లెక్క, అందకపోతే నీకు డిక్రీ గురించి తెలిసిన రోజు నుంచి లెక్క. అంటే హెచ్‌ఆర్ వాళ్ళు నిన్ను పిలిచిన తేదీ నీకు బంగారం. హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ గాని లెటర్ గాని తీస్కో, ఫలానా తేదీన కోర్టు ఆర్డర్ అందింది, ఫలానా రోజు ఉద్యోగికి చెప్పినం అని. మీ ప్లీడర్ సాబ్ సెక్షన్ 5 ఆలస్యం పిటిషన్ కూడ వేసి మంచి పని చేసిండు, సమన్లు అందినట్టే అని కోర్టు అనుకున్నా అప్పుడు ఇది అక్కరకొస్తది. పేపర్ల ప్రకటన ద్వారా సర్వీస్ అయి ఉంటే గూడ చూడు, ఆర్డర్ 5 రూల్ 20 కింద అట్ల చేసిన సర్వీస్‌ని ఈ 30 రోజుల లెక్కకి సరైన సర్వీస్ కింద తీసుకోవద్దని ఆ ఆర్టికల్ కిందనే రాసి ఉంది.

నీకు ఎదురయ్యే ప్రమాదం ఒకటి చెప్త. ఆర్డర్ 9 రూల్ 13కి రెండో ప్రొవైజో, అంటే షరతు, ఉంది. సమన్ల సర్వీస్‌ల తప్పులున్నా సరే, నీకు వాయిదా తేదీ ముందే తెలుసు, వచ్చి సమాధానం చెప్పుకునే టైమ్ కూడ ఉండె అని కోర్టు నమ్మితే డిక్రీ తీసెయ్యరు. అందుకే అవతలోళ్ళు కౌంటర్‌ల ఊర్లోవాళ్ళు చెప్పిన్రు అని రాసిన్రు. క్రాస్ (అవతలి ప్లీడర్ నిన్ను అడిగే ప్రశ్నలు) అంతా దాని మీదనే ఉంటది. ఊరికి ఎప్పుడు పోయినవ్, పండుగలకి పోయినవా, ఆ ఇంటి దగ్గర చుట్టాలెవరున్నరు, తలుపు మీద కాగితం చూడలేదా, ఇట్లనే.

ప్లెయింట్ మొదటి పేజీ ఒకసారి చూడు. ఆర్డర్ 7 రూల్ 1 కింద వేసిన ఓఎస్ (మామూలు సివిల్ దావా) అయితే ఇప్పటిదాక మాట్లాడుకున్నదంతా నడుస్తది. ఆర్డర్ 37 సమ్మరీ సూట్ (తొందరగ తేల్చే దావా) అయితే ఆర్డర్ 9 రూల్ 13 కాదు, అక్కడ 37లనే రూల్ 4 ఉంది, ప్రత్యేక పరిస్థితులు చూపించాలె, డిఫెన్స్ ఏందో కూడ అప్పుడే చూపించాలె. స్మాల్ కాజ్ సూట్ (చిన్న మొత్తాల దావా) అయితే ఇంకో తిప్పలు, పిటిషన్‌తోపాటే డిక్రీ పైసలు డిపాజిట్ కట్టాలె లేకుంటే సెక్యూరిటీ ఇయ్యాలె.

పిటిషన్ కొట్టేస్తే అంతా అయిపోయినట్టు కాదు, ఆర్డర్ 43 రూల్ 1(డి) కింద సివిల్ మిసిలేనియస్ అప్పీల్ ఉంది. డిక్రీ మీదనే సెక్షన్ 96(2) కింద అప్పీల్ కూడ వేయొచ్చు, కాని అది వేసి అక్కడ ఓడిపోతే మళ్ళ రూల్ 13కి రానియ్యరు, ఆ సంగతి మీ ప్లీడర్‌తో మాట్లాడకుండ చేయకు.

---

కడప_కువైట్:

అన్నా నాది కూడా ఇట్లాంటిదే, నేను కువైట్‌లో ఉండగా ఊర్లో డిక్రీ చేయించుకున్నారు. నాకు పాస్‌పోర్ట్ స్టాంపులే కాపాడినాయి, సమన్లు అంటించిన రోజుకి నేను దేశంలోనే లేనని ఆ పేజీలు చూపిస్తే ఇంకేం మాట్లాడలేకపోయినారు. మీకు పాస్‌పోర్ట్ స్టాంపులుండవు కానీ ఆఫీసులో పంచ్ రికార్డు ఉంటుంది కదా, ఆ తేదీకి ఆఫీసులో ఉన్నట్టు హెచ్‌ఆర్‌తో లెటర్ తీసుకోండి.

ఇంకా ఎవరైనా గల్ఫ్‌లో, అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట. పవర్ ఆఫ్ అటార్నీ ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపితే అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాల. మా తమ్ముడికి పవర్ ఇచ్చినా కానీ బోనెక్కి నా బదులు సాక్ష్యం చెప్పనీలేదు, నాకు మాత్రమే తెలిసిన విషయాలు నేనే చెప్పాలంట, సుప్రీంకోర్టు తీర్పు ఉందని చెప్పినారు. మా ప్లీడరు వీడియో కాన్ఫరెన్స్‌కి పర్మిషన్ అడిగితే అందులోనే నా సాక్ష్యం తీసుకున్నారు. ఊరికే టికెట్ బుక్ చేసుకునే ముందు అది అడిగి చూడండి.

---

గుంటూరోడు_హైదరాబాద్‌లో:

సార్, వకీల్ అన్న, కడప అన్న, మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆ మర్నాడే మా ప్లీడర్ గారి దగ్గరికెళ్ళి కాపీ అప్లికేషన్ వేయించా. కాపీలు వచ్చాయి. ఓఎస్ అనే ఉంది, ఆర్డర్ 7 రూల్ 1 అనే ఉంది.

సిరస్తాదారు సార్ మీరు చెప్పింది అచ్చు అలాగే ఉంది. ఏ2 లాయర్ నోటీసు కాపీ, దాని మీద నా పేరు కింద హైదరాబాద్ అడ్రస్, పిన్ కోడ్‌తో సహా ఉంది. ఏ3 ఆ ఎర్ర కార్డు, దాని మీద నా సంతకం, మా ఏరియా పోస్టాఫీస్ ముద్ర. ప్లెయింట్‌లో మాత్రం "ప్రతివాది సదరు గ్రామ నివాసి" అని ఉంది. సమన్ల వెనక రిపోర్టులో "ప్రతివాది ఊరిలో లేరు, హైదరాబాద్‌లో ఉన్నట్లు ఇరుగుపొరుగు చెప్పినారు, ఇంటికి తాళము, తలుపునకు అంటించితిని" అని ఉంది, కింద సాక్షులు అన్న చోట ఒకటే సంతకం, పేరు కూడా సరిగ్గా చదవడానికి రావట్లేదు. పోస్ట్ కవర్ మీద పోస్ట్‌మ్యాన్ "లెఫ్ట్" (ఇల్లు వదిలి వెళ్ళిపోయారు) అని రాసి వెనక్కి పంపాడు. ఆ కవర్ ఫైల్లోనే ఉంది.

ఇది చదివాక నాకు కోపం ఆగలేదు సార్. హైదరాబాద్‌లో ఉన్నాడని వాళ్ళ కాగితంలోనే రాసి ఉండి, నేను కావాలనే రాలేదని డిక్రీ ఎలా ఇచ్చారు?

అడిషనల్ అఫిడవిట్ మా ప్లీడర్ గారు మొదట ఎందుకులే అన్నారు, ఏ3 కార్డు చూపించాక ఒప్పుకుని వేశారు. ఇప్పుడు బోనులో ఎలా మాట్లాడాలో చెప్పండి, నేను ఇంతవరకు కోర్టు మెట్లెక్కలేదు.

---

రిటైర్డ్_సిరస్తాదారు:

కోపం సహజమే బాబూ. ఆ వాయిదాన కోర్టు ముందు ఎవరూ లేరు అడ్డు చెప్పడానికి, వాది తరపు వాళ్ళు సర్వీస్ అయింది అన్నారు, రోజుకి వంద కేసులు పిలిచే చోట అలా జరిగిపోతుంది. ఇప్పుడు ఆ రిపోర్టు నీ చేతిలో ఉంది. హైదరాబాద్‌లో ఉన్నట్టు చెప్పారు అని ప్రాసెస్ సర్వరే రాశాడంటే, హైదరాబాద్ అడ్రస్‌కి పంపమని వాది అడగాల్సింది. ఆ అడ్రస్ ఆయన ఏ2లోనే ఉంది. మీ ప్లీడర్ గారు వాదన అంతా ఈ మూడు కాగితాల చుట్టూ తిప్పుకుంటే చాలు, రిపోర్టు, లెఫ్ట్ అని తిరిగొచ్చిన కవరు, ఏ3 కార్డు.

వీటికి తోడు నువ్వు అక్కడ కాపురం లేవని చూపించే కాగితాలు తెచ్చుకో. 2019 నుంచి రెంటల్ అగ్రిమెంట్లు, పిల్లలుంటే స్కూల్ నుంచి స్టడీ సర్టిఫికెట్, గ్యాస్ కనెక్షన్ హైదరాబాద్‌కి మార్చుకున్న కాగితం, ఆధార్‌లో అడ్రస్ మారిన తేదీ తెలిసేలా అప్‌డేట్ హిస్టరీ. అన్నీ ఒరిజినల్స్ తీసుకెళ్ళు, ఒక సెట్ జిరాక్సులు అవతలివాళ్ళకి. వీలైతే మీ ఇంటి ఓనర్‌ని రెండో సాక్షిగా తీసుకురా, మా ఇంట్లో ఫలానా సంవత్సరం నుంచి ఉంటున్నాడు అని ఆయన చెబితే దాన్ని కదపడం కష్టం.

ఇక బోను సంగతి. చీఫ్ ఎగ్జామినేషన్ అఫిడవిట్ రూపంలోనే వేస్తారు, నువ్వు పీడబ్ల్యూ 1, అంటే పిటిషనర్ తరపు మొదటి సాక్షి, అవుతావు. అందులో ఏముందో తెలుగులో చెప్పించుకుని పంక్తి పంక్తీ నిజమేనా చూసుకున్నాకే సంతకం పెట్టు. ప్రమాణం చేయించాక ఇది నీ అఫిడవిటేనా, సంతకం నీదేనా అని అడుగుతారు, కాగితాలకి నెంబర్లు వేస్తారు. తర్వాత క్రాస్. అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పు, కథ మొదలుపెట్టకు. తెలియకపోతే తెలియదండి అను, గుర్తులేకపోతే గుర్తులేదండి అను, రెండింటికీ తేడా ఉంది. సంక్రాంతికి ఊరు వెళ్ళి ఉంటే వెళ్ళానని చెప్పు, చుట్టాలింట్లో దిగానని చెప్పు, దాచకు. అవతలి ప్లీడర్ చివర్లో సజెషన్లు వేస్తాడు, "నీకు సమన్ల సంగతి తెలిసీ కావాలనే రాలేదని నేనంటాను" అని గొంతు పెంచి అంటాడు, అది నిన్ను తిట్టడం కాదు, ప్రతి సాక్షికీ చేసే పనే, "వాస్తవం కాదండి" అని చెప్పి ఊరుకో. ఆయన వైపు కాకుండా జడ్జి గారి వైపు చూసి నెమ్మదిగా చెప్పు, వాళ్ళు అది టైపు చేయించుకోవాలి కదా. డిపొజిషన్ (టైపు చేసిన నీ సాక్ష్యం) మీద సంతకం పెట్టే ముందు చదివి వినిపించమని అడుగు, నువ్వు చెప్పింది ఒకటి అక్కడ పడింది ఇంకొకటి అయితే అప్పుడే చెప్పాలి.

ముందు రోజు ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నెంబర్ (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నెంబర్) కొట్టి వాయిదా చూసుకో. పదిన్నరకి పిలుపు మొదలవుతుంది, పది దాటకముందే హాల్లో ఉండు. ప్లీడర్ గారు పక్క కోర్టులో ఉండగా నీ కేసు పిలిస్తే నువ్వే లేచి నిలబడి "పిటిషనర్‌ని హాజరండి, మా ప్లీడర్ గారు వస్తున్నారు, కాస్త ఆగి పిలవండి" అని చెప్పు. గైర్హాజరీతో పడ్డ డిక్రీని తీయించుకోవడానికి వచ్చి ఆ పిటిషనే మళ్ళీ గైర్హాజరీతో కొట్టేయించుకున్నవాళ్ళని చూశాను.

---

లక్ష్మి_ఒంగోలు:

తమ్ముడూ, మీ పోస్ట్ చదివి మా అమ్మ కేసు గుర్తొచ్చి రాస్తున్నా. జీతం గురించి ఎవరూ చెప్పలేదు. పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు, స్టే ఐఏ మీద ఆర్డర్ రావాలి, అది వచ్చాక ఆ కాపీ మీరే హెచ్‌ఆర్‌కి ఇవ్వాలి, కోర్టు నుంచి వెళ్ళేదాకా ఆగితే ఇంకో నెల కట్ అయిపోతుంది. కట్ చేసినా మొత్తం జీతం పట్టుకోవడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. 28,000 జీతం అయితే నెలకి 9,000 దాకానే, ఒకే డిక్రీకి మొత్తం మీద 24 నెలలే. మా బంధువుల అబ్బాయికి సగం జీతం కట్ చేసేశారు ఆఫీస్ వాళ్ళు తెలియక, ఈ సెక్షన్ చూపించాక మిగతాది వెనక్కి ఇచ్చారు.

ఇంకా డబ్బు ఇబ్బందిగా ఉండి ప్లీడర్‌ని పెట్టుకోలేనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే, కోర్టు ఆవరణలోనే మండల లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంటుంది, జిల్లా కేంద్రంలో అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ప్లీడర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. మా అమ్మకి అలాగే దొరికారు, ఆవిడ ఎంత శ్రద్ధగా చేశారో చెప్పలేను. డబ్బు డిక్రీలో ఆడవాళ్ళని అరెస్ట్ చేయడానికి వీల్లేదని కూడా ఆవిడే చెప్పారు, అంతకుముందు అరెస్ట్ వారెంట్ తెస్తామని బెదిరిస్తే మా అమ్మ అన్నం మానేసింది.

నిజంగా కొంత బాకీ మిగిలుంటే లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవడం కూడా ఆలోచించండి. మీ కేసులో కట్టేశానంటున్నారు కాబట్టి మీ ఇష్టం.

---

గుంటూరోడు_హైదరాబాద్‌లో:

అక్కా, థ్యాంక్స్. స్టే గురించి మీరు చెప్పకపోతే నేను ఊరుకునేవాణ్ణి. అది ముందు వినమని మెమో వేశారు, ఎంక్వైరీ అయ్యేదాకా తాత్కాలికంగా ఆపారు, కాపీ హెచ్‌ఆర్‌కి నేనే ఇచ్చా.

ఎంక్వైరీ అయింది. సిరస్తాదారు సార్, మీరు చెప్పినట్టే మొదటి ప్రశ్నే ఏ3 కార్డు, ఈ సంతకం నీదేనా అని. నాదేనండి, ఆ నోటీసు హైదరాబాద్ ఇంటికి వచ్చింది, అడిషనల్ అఫిడవిట్‌లో చెప్పానండి అన్నా. ఆయన కాసేపు కాగితాలు తిరగేశాడు. జడ్జి మేడమ్ కార్డు ఇటివ్వండి అని తీసుకుని ప్లెయింట్ అడ్రస్‌తో పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత ఊరు ఎప్పుడెళ్ళావు, మీ బాబాయి వాళ్ళు ఎక్కడుంటారు, వాళ్ళు చెప్పలేదా అని చాలాసేపు అడిగాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పా. మా ఓనర్ అంకుల్ కూడా పాపం సెలవు పెట్టుకుని వచ్చి సాక్ష్యం చెప్పారు. వాదనలు అయిపోయాయి, ఆర్డర్స్‌కి వాయిదా వేశారు. సగం డిపాజిట్ కట్టమంటారేమో అని మా ప్లీడర్ గారు అంటున్నారు, అదెలా ఉంటుంది?

---

ఓరుగల్లు_వకీల్:

మంచిగ చెప్పినవ్ తమ్మీ. అవును, రూల్ 13లనే ఉంది, ఖర్చులు గాని కోర్టుల డబ్బు కట్టుడు గాని షరతు పెట్టి అలో చేయొచ్చు. సర్వీసే సరిగ్గ లేదని రికార్డు ఇంత స్పష్టంగ ఉన్నప్పుడు సగం డిపాజిట్ వద్దు, ఖర్చులతో సరిపెట్టండని మీ ప్లీడర్ గట్టిగ అడగాలె, వాదనల్లో అడగకుంటే ఒక రిటన్ ఆర్గ్యుమెంట్ ఇయ్యమను ఆర్డర్స్ కంటే ముందే. షరతు పెడితే మాత్రం తేదీ చూస్కో. ఫలానా తేదీలోపు కట్టాలె, కట్టకపోతే పిటిషన్ కొట్టేసినట్టే అని ఆర్డర్‌లనే రాస్తరు. ఆర్డర్ వచ్చిన రోజే చలాన్ తయారు చేయించు, ఆఖరి రోజుదాక ఆగకు, ఆ రోజు సెలవొచ్చినా సర్వర్ పని చేయకపోయినా నీకే తిప్పలు. కష్టమైతే గడువు అయిపోకముందే టైమ్ పొడిగించమని పిటిషన్ వేయించు.

అలో అయినంక దావా మళ్ళ పాత నెంబర్ మీదనే నడుస్తది, వెంటనే రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి నీ జవాబు) వేయాలె. ఇప్పటి నుంచే బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందల పెట్టుకుని, ఏ తేదీన ఎంత వేసినవో ఒక కాగితం మీద రాసుకో, 2020 ఫిబ్రవరికి ముందు వేసినవి పైన వేరేగ రాయి. అది మీ ప్లీడర్ చేతుల పెట్టు.